మీటరు పుల్లలకు గంధం

మా సుగుణ వదిన పోయి, కర్మలన్నీ ముగిసిన వారానికి ఆమె మనవరాలు దివ్య తిరువళ్లూరులో నేనుండే ఇంటికి వచ్చింది. చెప్పులు విడిచీ విడవకముందే ఫోను తీసి నా ముక్కు కింద పెట్టి, “అవ్వా, వీటిల్లో ఏది తీసుకునేదో చెప్పు” అంది. చీరలేమో అనుకున్నాను. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే తెర నిండా ఎర్ర తీగా నల్ల తీగా, జతలు జతలుగా ఉన్నాయి. మీటరుకు తగిలించే టెస్టు వైర్లు. ఒక కొస మీటరులో గుచ్చుకుంటుంది. రెండో కొసకు పెన్ను లాంటి పిడి, దాని చివర మొన. ఆ మొనను రేడియో లోపల ఎక్కడ ఆనిస్తే అక్కడ కరెంటు ఎంతుందో మీటరు ముల్లు చెబుతుంది. దివ్య శ్రీపెరుంబుదూరు దగ్గర ఒక కంపెనీలో ఇంజినీరు. వారమంతా మిషన్లతో వేగింది చాలక, ఆదివారం పూట పాత రేడియోల, పాత టీవీల సర్క్యూట్ బోర్డులు ముందేసుకుని కూర్చుంటుంది. ఎప్పుడో పోయిన తాత, మా అన్న పోలిక అని ఇంట్లో అందరూ మురిసిపోతారు.

“నన్నెందుకు అడుగుతావు? నేనేమైనా ఇంజినీరునా?” అన్నాను.

“తాత ఇట్లాంటి మీటరు పుల్లలు చేసేటప్పుడు పక్కన ఉండింది నువ్వే గదా. మా జేజి ఎప్పుడూ చెప్తా ఉండేది, మీ తాతకు కుడిచెయ్యి మాదిరి ఉండింది మీ కమలవ్వే అని.”

వదిన ఆ మాట అనేదని నాకు తెలియదు. ఆ మాట విని సంతోషించాల్సిన మనిషిని కాను నేను. పైకి మాత్రం పెద్దరికం పోనివ్వకుండా, “సూదిమొన ఉండేది తీసుకో. పాత బోర్డు మీద లక్క పూత ఉంటుంది, మొద్దుమొన ఆనదు. వైరు మెత్తగా ఉండాల, బిరుసుగా ఉండేది అతుకును లాగేస్తుంది. పిడికీ వైరుకూ కలిసే చోట పగులు ఉండకూడదు” అన్నాను. ఆ చివరి మాట దగ్గర కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. దివ్య నేను వదిన కోసం ఏడుస్తున్నాననుకుని లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. వదిన కోసమే ఏడ్చాను. కానీ అది అనుకున్న కారణానికి కాదు.

అప్పుడు మా ఇల్లు తిరుత్తణిలో, కొండ మీది గంట వినపడేంత దూరంలో ఉండేది. నాయనకు బజారులో గుడ్డల అంగడి. మా అన్న మునిరత్నం మాత్రం గుడ్డలు కొలిచే గజం బద్ద పట్టుకోనన్నాడు. తిరువళ్లూరులో ఒక అరవ వాద్యారు దగ్గర రేడియో పని నేర్చుకున్నాడు. పొద్దున్నే సద్దన్నం తిని రైలెక్కి, అరక్కోణంలో బండి మారి, కడంబత్తూరు దాటి పోవడం, చీకటి పడేవేళకు రావడం. అలా మూడేళ్లు తిరిగి, తర్వాత మా ఇంటి వీధిగదిలోనే ఒక బల్ల వేసి పని మొదలుపెట్టాడు. అంతవరకు మా ఇంటికి ఉండిన వాసనలు రెండే, కొత్త గుడ్డల గంజి వాసన, అమ్మ వేయించే కాఫీగింజల వాసన. అన్న వచ్చి మూడోది చేర్చాడు. సీసంతో అతుకు పెట్టేటప్పుడు లేచే రోజనం బంక పొగ, వేడెక్కిన వాల్వుల మీద మాడే దుమ్ము. అమ్మ ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఆ పొగ సాంబ్రాణి కంటే బాగుండేది. బడి వదలగానే పుస్తకాలు గూట్లో పడేసి, అన్న పక్కన ఎత్తుపీట వేసుకుని కూర్చునేదాన్ని. పద్నాలుగేళ్లు దాటిన ఆడపిల్లను వీధిగదిలో కూర్చోనిచ్చేవాళ్లు కాదు ఆ రోజుల్లో. అన్నే, “లోపల కూర్చుని ఏం చేస్తాది, ఈడ నాకు దీపం పట్టుకుంటాది” అని అమ్మతో కొట్లాడి కూర్చోబెట్టుకున్నాడు.

అన్నకు అన్నిటికంటే పట్టింపు మీటరు పుల్లల మీద. టెస్టు వైర్లను మా ఇంట్లో అందరం పుల్లలనే అనేవాళ్లం. మీటరుతో వచ్చినవి ఎప్పుడో పాడైపోయాయి. అంగట్లో దొరికేవి ఆయనకు నచ్చేవి కావు. దీపాలకు వాడే మెలితిప్పిన గుడ్డ వైరు చెమట పీల్చి చేతిని జివ్వుమనిపిస్తుందనేవాడు. మోటారుకారు ఇంజినులో వాడే లావు వైరు భద్రమే, కానీ బిరుసుకు అది మొనను నిలవనీయదు. చివరికి సన్నపోగుల రబ్బరు వైరు తెచ్చుకున్నాడు. దానితో చిక్కల్లా మా ఊరి ఎండ. ఒక వేసవి చూసిందంటే రబ్బరు చిట్లుతుంది. అందుకని ఏటా ఎండలు తగ్గగానే పాత వైరు తీసేసి కొత్తది వేసేవాడు. పిడులకు పాడైపోయిన ఫౌంటెన్ పెన్నులు. ఆ పెన్నుల గొట్టంలోంచి కరెంటు పారదట. మా బడి అయ్యవార్ల ఇళ్లకు పోయి విరిగిన పాళీల పెన్నులు అడుక్కురావడం నా పని. “ఏమ్మే, పెన్నులన్నీ తీసుకపోయి కూర వండుతారా మీ ఇంట్లో?” అని లెక్కల అయ్యవారి భార్య ఏడిపించేది. పెన్ను గొట్టంలోంచి వైరు పోనిచ్చి, కొసకు అరిగిపోయిన గ్రామఫోను సూదిని అతికించి, సందుల్లో కరిగించిన లక్క పోసేవాళ్లం. ఎర్ర పెన్ను ఒకటి, నల్ల పెన్ను ఒకటి. ఆ లక్క పోయడం నా చేతిపని. అన్న పోస్తే ఉండలు కట్టేది, నేను పోస్తే నున్నగా వచ్చేది. అది చెప్పుకుని బడిలో తిరిగాను.

పని మొదలుపెట్టేముందు అన్న చేతులు బూడిదతో తోముకునేవాడు, నూనె, ఉప్పు, చెమట ఏదీ మిగలకుండా. తర్వాత వైరును బొటనవేలి మీదుగా కొస నుంచి కొసకు జార్చి చూసుకునేవాడు. వాళ్ల వాద్యారు చెప్పిన ఒక అరవ మాట ఎప్పుడూ నోట్లోనే ఉండేది, “ఒరు కై వేలైక్కు, ఇన్నొరు కై ముదుగుక్కు” అని. ఒక చెయ్యి పనికి, ఇంకో చెయ్యి వీపుకు. రెండు చేతులూ రేడియోలో పెడితే కరెంటు ఒక చేతిలో ఎక్కి గుండె మీదుగా ఇంకో చేతిలో దిగుతుంది. దొరల పుస్తకంలో ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోమని ఉందట. పంచెకు జేబు ఎక్కడుంటుంది? అందుకని అన్న ఎడమ చేతిని నడుము దగ్గర పంచె మడతలో దోపుకునేవాడు. రేడియో తెచ్చినవాళ్లు కడుపునొప్పేమోనని అడిగేవాళ్లు.

అన్న బల్ల వేసిన మూడో ఏడు ఎండాకాలంలో సుగుణ వదిన మా ఇంటికి కోడలిగా వచ్చింది. అత్తిమంజేరిపేటలో సేద్యం చేసుకునే ఇంటి పిల్ల, నాకంటే మూడేళ్లు పెద్ద. నవ్వితే వీధిలోకి వినపడేది. వాళ్ల ఊళ్లో పొలం గట్టున నిలబడి పిలిచే అలవాటు, మెల్లగా మాట్లాడటం చాతకాదు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నేను అర్ధంతో ఆగలేదు. ఆమె కట్టిన పూలు వదులంటాను, పెట్టిన తాళింపు మాడిందంటాను. అన్నీ సహించేది. నేను సహించలేకపోయింది ఒక్కటే. అన్న ఆమెకూ పని నేర్పడం మొదలుపెట్టాడు. రేడియోలో ఉండే చిన్న చిన్న గొట్టాల మీద రంగుల గీతలు ఉంటాయి, ఏ రంగుకు ఏ అంకె అన్నది గుర్తుపెట్టుకోవాలి. నాకు నెల పట్టింది. వదిన చిక్కుడుగింజలు వరసగా పేర్చుకుని నాలుగు రోజుల్లో అప్పజెప్పింది. గోడ మీది మెయిన్ స్విచ్చు చూపించి, “నాకేమన్నా అయితే నన్ను ముట్టుకోవద్దు, మొదట దీన్ని కొట్టు” అని ఆమెకు చెప్పాడు. నాకు ఏనాడో చెప్పిన మాటే అది. ఆమెకు చెబుతుంటే నా సొత్తు ఎవరికో ఇచ్చేసినట్టు అనిపించింది. ఓర్వలేకపోయాను. ఇంతకంటే మంచి మాట దొరకడం లేదు.

పెళ్లి హడావుడిలో ఆ ఏడు అన్న పుల్లలకు కొత్త వైరు వెయ్యలేదు. తీరికా లేదు. మా ఊరు అప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది, మద్రాసు రాష్ట్రానికి పోతుందని కొందరు, పోనివ్వమని కొందరు. ఇద్దరు కలిస్తే “మీరెటు?” అనే మాటే. వార్తల వేళకు కాఫీ హోటళ్ల ముందు జనం గుమిగూడేవాళ్లు. రేడియో మూగబోతే హోటలుకు మనిషి రాడు. దాంతో మా వీధిగది నిండా విప్పేసిన రేడియోలే. అన్న భోజనానికి కూడా బల్ల దగ్గరి నుంచి లేచేవాడు కాదు.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు పనిముట్టు ముట్టుకోరు. కడిగి, తుడిచి, పీట మీద పేర్చి, గంధం కుంకుమ పెట్టి, మొక్కి వదిలేస్తారు. మరునాడు విజయదశమి పొద్దున స్నానం చేసి, ఏమీ తినకముందే ప్రతి పనిముట్టునూ ఒక్కసారైనా వాడాలి, అప్పుడే ఏడాదంతా పని సాగుతుందని నమ్మకం. వీధిగదిలో బొట్లు పెట్టే పని నాది. అన్న గడప దగ్గర నిలబడి, “మీటరుకు పెట్టు, పటకారుకు పెట్టు, పెట్టెలకు పెట్టు. ఈ రెండు పుల్లల్ని మాత్రం తాకొద్దు మ్మే. తడి తగలకూడదు వాటికి” అని గట్టిగా చెప్పి పోయాడు. సరేనన్నాను. కాసేపటికి అమ్మ హారతి పళ్లెంతో వచ్చి చూసింది.

“పుల్లలకు బొట్టేదీ?”

“అన్న వద్దన్నాడు.”

“వాడికేం తెలుసు? ఏడాదంతా వానికి కూడు పెట్టేది అవి గదా. వాటిని వదిలిపెట్టి డబ్బాలకు పెడతావా? సామికి కండ్లు లేవనుకున్నావా? పెట్టు.”

ఒకరేమో వద్దంటారు, ఒకరేమో పెట్టంటారు. నాకొక తెలివి పుట్టింది. ఎర్ర పుల్లను తిప్పి, అడుగు వైపు, పిడిలోకి వైరు దూరే చోట, నేను పోసిన లక్క బీటలు వారి ఉన్న దగ్గర, అన్నకు కనపడకుండా చుట్టూ గంధం మెత్తి, దాని మీద కుంకుమ అద్దాను. సామికి తెలుస్తుంది, అన్నకు తెలియదు. అమ్మ తృప్తిగా హారతి ఇచ్చింది. ఆ వారమంతా ముసురు, గోడలు చెమ్మ కారుతున్నాయి. ఉప్పు పాత్రలో ఉప్పు కరిగి నీరవుతున్న రోజుల్లో గంధం ఎట్లా ఆరుతుందని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

మరునాడు పొద్దున అన్న తలస్నానం చేసి, తడి జుట్టుతోనే వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. బస్సుస్టాండు దగ్గరి కాఫీ హోటలు వాళ్ల రేడియో అది. పెట్టె ఊడదీసి లోపలి ఇనప తట్టను బల్ల మీద పెట్టి, నల్ల పుల్లను తట్టకు తగిలించి, రేడియోకు కరెంటు ఇచ్చాడు. పండగ పూట గనక మొక్కుకున్నాడే గానీ, వైరును బొటనవేలి మీద జార్చి చూసుకోలేదు. ఎడమ చెయ్యి పంచెలో దోపుకుని, కుడిచేత్తో ఎర్ర పుల్ల తీసుకుని లోపల ఆనించాడు. నేను నా ఎత్తుపీట మీద ఉన్నాను. సరిగ్గా అప్పుడు వదిన కాఫీ గ్లాసుతో లోపలికి వచ్చింది. “ఈడ పెట్టు” అంటూ అన్న గ్లాసుకు చోటు చేయడానికి ఎడమ చెయ్యి బయటికి తీసి, ఇనప తట్టను పక్కకు జరిపాడు. కుడిచేతిలో పుల్ల అలాగే ఉంది.

అన్న అరవలేదు. అరిచి ఉంటే ఇన్నేళ్లు ఆ దృశ్యం ఇంత బాధపెట్టేది కాదేమో. పళ్లు బిగుసుకుపోయి, ఒక చెయ్యి పుల్లకూ ఇంకో చెయ్యి తట్టకూ అంటుకుపోయినట్టు ఊగాడు. నేను పీట మీది నుంచి లేవలేదు. స్విచ్చు నాకు మూరెడు దూరంలో ఉంది. మూడేళ్లుగా ఏం చెయ్యాలో తెలిసిన దాన్ని, కదలలేకపోయాను. వదిన గ్లాసు వదిలేసి ఒక్క అంగలో గోడ దగ్గరికి పోయి స్విచ్చు కొట్టింది. అన్న వెనక్కి విరుచుకుపడ్డాడు. మోచెయ్యి గడపకు తగిలి విరిగింది.

అమ్మ, నాయన, వీధిలోవాళ్లు ఒక్కసారి మూగారు. ఎవరో నీళ్లంటారు, ఎవరో కరెంటు దిగాలంటే ఒళ్లు మట్టిలో పూడ్చమంటారు. ఆ గోలలో బల్ల కింద పడి ఉన్న ఎర్ర పుల్ల నాకు కనపడింది. తీసి చూశాను. బీటలో గంధం ఇంకా పచ్చిగానే ఉంది. నా పావడ అంచుతో శుభ్రంగా తుడిచి, మళ్లీ బల్ల మీద పెట్టాను. ఆలోచించి చేశానా అంటే చెప్పలేను. చేతులు వాటంతటవే చేశాయి. కదలాల్సినప్పుడు కదలని చేతులు ఈ పనికి మాత్రం ఎంత చురుగ్గా కదిలాయో!

అన్నను పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఎముక చక్కగా అతుక్కుంది. కానీ కుడిచేతి చూపుడువేలూ బొటనవేలూ కాలినచోట స్పర్శ పోయింది. పుల్ల పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలిసేది కాదు. ఆ రెండు వేళ్లే ఆయన పని. అన్న ఒళ్లు తెలిసిన దగ్గరి నుంచీ ఒకే మాట చెప్పాడు, “తప్పు నాది. ఎడమ చెయ్యి పెట్టినాను, వైరు చూసుకోలేదు” అని. ఎవరూ చెవిన వేసుకోలేదు. పండగ పూట, పనిముట్టు పట్టిన మొదటి క్షణాన, ఎదురుగా వచ్చింది ఎవరు? ఇంట్లో కాలుపెట్టి ఆరు నెలలైనా కాని కోడలు. అమ్మ మొదట వంటింట్లో అంది, తర్వాత పంపు దగ్గర అంది, తర్వాత అది వీధి వీధంతా తెలిసిన నిజమైపోయింది. సుగుణ పాదం మంచిది కాదు. కొన్నాళ్లు పుట్టింట్లో ఉంటే దోషం పోతుంది.

వాళ్ల నాయన బండి కట్టుకుని వచ్చాడు. మంచి మనిషి. గొంతెత్తలేదు, గడపలోకి కూడా రాలేదు. వదిన పెట్టె పట్టుకుని వీధిగదిలోకి వచ్చినప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆమె నా దగ్గరికి వచ్చి, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడింది.

“కమలా, నువ్వు ఈడనే ఉండినావు గదా. స్విచ్చి ఎవురు కొట్టినారో చూసినావు గదా. మీ అమ్మకు ఆ ఒక్క మాట చెప్పు. ఇంకేం వద్దు.”

నేను నేల చూశాను. తేలు కుట్టిన దొంగ మాదిరి నిలబడ్డాను. స్విచ్చు సంగతి చెబితే పుల్ల సంగతి వస్తుంది, పుల్ల సంగతి వస్తే గంధం సంగతి వస్తుంది. వదిన కొంచెంసేపు చూసి, పెట్టె ఎత్తుకుని పోయింది. బండి మలుపు తిరిగేదాకా నేను కిటికీలోంచి చూశాను. ఇంకొక మాట కూడా రాయాలి, రాయకపోతే ఇదంతా ఎందుకు? ఆ రాత్రి అన్నకు అన్నం కలిపి పెట్టింది నేను. మళ్లీ ఆయన పక్కన నేనొక్కదాన్నే అని సంతోషం కలిగింది. ఏడుస్తూనే ఉన్నాను, లోపల ఆ సంతోషం కూడా ఉంది.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయిదో నాడు అమ్మ పప్పు రుబ్బుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. పుల్లకు గంధం పెట్టింది, తుడిచేసింది, వదిన స్విచ్చు కొట్టింది, అన్నీ. అమ్మ పొత్రం ఆపలేదు. పిండి అంచుల నుంచి నెడుతూ, తిప్పుతూనే అంది.

“సామికి పెట్టిన గంధం మనిషిని కొడతాదా? ఎవురన్నా వింటే నవ్వుతారు.”

“అది తడి మ్మా. తడి ఉంటే కరెంటు...”

“నోరు మూసుకో. పెట్టమన్నది నేను. అంటే నా కొడుకు చెయ్యి నేను తీసినానంటావా? రేప్పొద్దున నీకు సమ్మందం వస్తే, అన్న చెయ్యి పోగొట్టిన పిల్ల అని చెప్పుకోమంటావా? అది ఆ పిల్ల పాదం. అంతే. ఇంకోసారి ఈ మాట ఎత్తితే చూడు.”

అప్పుడు అమ్మ ముఖం చూశాను. కోపం లేదు, భయం ఉంది. నాకున్న భయమే ఆమెకూ ఉంది. దేవుణ్ణి అనలేం, తల్లిని అనలేం, కన్నకూతుర్ని అనలేం. బయటి నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉంది గనక మా అందరికీ సులువైపోయింది. అమ్మ నన్ను నోరు మూసుకోమన్నందుకు నేను లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. చెప్పాల్సిన వాళ్లకు చెప్పేశాను, ఇక పాపం నాది కాదనుకున్నాను. చెప్పాల్సింది అమ్మకు కాదని తెలిసీ అలా అనుకున్నాను.

కట్టు విప్పిన వారానికి అన్న ఎవరికీ చెప్పకుండా అత్తిమంజేరిపేటకు పోయి వదినను వెంటబెట్టుకుని వచ్చాడు. “నా ప్రాణం కాపాడింది తానే. ఇష్టముండేవాళ్లు నమ్మండి, లేనోళ్లు పోండి” అన్నాడు నడివీధిలో. వదిన చెప్పిన మాటను ఆయన సాక్షి లేకుండానే నమ్మాడు. సాక్షి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అమ్మ కొడుకు మాటకు తలొంచి కోడల్ని ఇంట్లోకి రానిచ్చింది గానీ, ఒక్క కట్టడి పెట్టింది. ఆయుధపూజ నాడూ దశమి నాడూ వదిన వీధిగదిలో అడుగు పెట్టకూడదు. అన్న ఎంత చెప్పినా అమ్మ ఆ ఒక్కటి వదల్లేదు. వదినే, “పోనీలెండి, రెండు దినాలే గదా” అని గొడవ ఆపింది. వేళ్లు పోయాక అన్న బాగుచేసే పని తగ్గించి, కొత్త రేడియోలు అమ్మే పనిలోకి దిగాడు. ఇల్లు నడిచింది, పిల్లలు పెరిగారు. కానీ రోజనం పొగ మా ఇంట్లో మళ్లీ ఎప్పుడూ అంతగా లేవలేదు.

నాకు తిరువళ్లూరు సంబంధం కుదిరింది. నేను కాపురానికి వచ్చేనాటికి మా పుట్టిల్లు ఉన్నచోటనే ఉండి రాష్ట్రం మారిపోయింది. ఏటా పూజకు ముందు అమ్మ కార్డు రాయించేది, “నీ చెయ్యి మంచిది, వచ్చి బొట్లు పెట్టి పో” అని. అమ్మ బతికున్నన్నాళ్లూ పోయాను. గంధం వదినే అరగదీసేది. చిన్న గిన్నెలో ఎత్తి, గడపకు అవతల నిలబడి, చెయ్యి చాపి నాకు అందించేది. నేను ఇవతల నిలబడి అందుకునేదాన్ని. మీటరుకు, పటకారుకు, డబ్బాలకు పెట్టేదాన్ని. ఒక ఏడు వదిన గడప అవతలి నుంచి అడిగింది.

“పుల్లలకు పెట్టవా?”

“అన్న వద్దన్నాడు గదా.”

“ఎప్పుడు వద్దన్నాడు?”

నేను పటకారుకు ఇంకో బొట్టు పెట్టాను. ఆమె నా ముఖం వైపు కాదు, నా చేతిలో గిన్నె వైపు చూసింది. తర్వాత పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది. ఆ రోజు చెప్పి ఉండొచ్చు. గడప ఒక్కటే కదా అడ్డం. ఆ తర్వాత యాభై ఏళ్లు నాతో కలిసి తిరిగింది, నా కాన్పులకు వచ్చింది, నా భర్త పోయినప్పుడు పదహారు రోజులు నా పక్కన పడుకుంది. ఆ యాభై ఏళ్లలో ఏ రోజైనా చెప్పి ఉండొచ్చు.

ఈ కాలంలో పుల్లలు చేసుకోనక్కర్లేదు. ఫోనులో వేలితో ఒత్తితే ఇంటికొస్తాయి. వేలు జారకుండా పిడికి గట్టు ఉంటుంది, ఎంత కరెంటుకు తట్టుకుంటుందో పిడి మీదే అచ్చు వేసి ఉంటుంది. దివ్య వాళ్ల కంపెనీలోనూ ఆయుధపూజ చేస్తారు, పెద్ద పెద్ద మిషన్లకు గుమ్మడికాయ కొడతారు, అయితే వైర్ల దగ్గరికి పోకూడదని ఒక ఆఫీసరు వచ్చి చూసి పోతాడట. అప్పుడు మాకు చెప్పేవాడు ఒక్కడే ఉన్నాడు, ఆయన మాట మేము వినలేదు. కాలం మంచిదైందా అంటే, తీగలు మంచివయ్యాయి. మనుషుల సంగతి నేను తేల్చి చెప్పలేను. ఆఫీసులో ఒక మిషను ఆగిపోతే కొత్తగా చేరిన పిల్ల మీదికి నెట్టారని దివ్యే చెప్పింది, ఆ పిల్ల ఏడుస్తుంటే అందరూ ఎవరి తెర వాళ్లు చూసుకుంటూ కూర్చున్నారట. “నువ్వేం చేసినావు?” అని అడిగాను. మాట మార్చింది.

నేను మాత్రం దివ్య ఫోను చూపించిన ఆ రోజు మాట మార్చలేదు. దివ్యకు తెలుగు చదవడం రాదు, నేను రాసి పెట్టినా లాభం లేదు. అందుకని అది తెచ్చిన నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, ఇక్కడ రాసినదంతా దానికి నోటితోనే చెప్పాను. ఫోను పక్కన పెట్టి విన్నది. విన్నాక కాసేపు ఇంజినీరు మాదిరి లెక్క వేసింది.

“అవ్వా, గంధం వల్లనే అని ఎట్ల చెప్తావు? వైరు మార్చలేదంటివి, రబ్బరు చిట్లిపోయి ఉంటాది. తాత చెయ్యే తడి, తలకు పోసుకుని వచ్చినాడు. నేల చెమ్మ. ఏదన్నా కావచ్చు. గంధం లేకపోయినా షాక్ కొట్టి ఉండొచ్చు. సత్యంగా చెప్తా ఉండాను, నువ్వు ఇన్ని దినాలు ఊరికే మనసు కష్టపెట్టుకున్నావు.”

ఆ పిల్ల నన్ను ఓదార్చాలని చూసింది. వాళ్ల జేజి గుణం. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

“గంధం వల్లనో, వైరు వల్లనో, నాకు ఈనాటికీ తెలీదు నాయనా. మీ జేజి వల్ల కాదని మాత్రం ఆ పొద్దే తెలుసు” అన్నాను.